విలేకరి చేతిలో రసీదు పుస్తకం

రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ ఏటా వెలువరించే డిజిటల్ న్యూస్ రిపోర్టు ప్రకారం 2024లో మన దేశంలో వార్తలను నమ్ముతున్నామని చెప్పినవారు నూటికి 41 మంది. ఫిన్లాండులో ఆ సంఖ్య 69. విశాఖపట్నంలో ఉంటున్న మా బావమరిది ఈ లెక్కను నాకు ఫోనులో పంపించి, "బావా, ఇంకా రోజూ రెండు పేపర్లు కొంటున్నావా? దేనికి?" అని అడిగాడు. అతడికి రెండు ముక్కల్లో జవాబు రాద్దామని కూర్చున్నాను గానీ, విషయం రెండు ముక్కల్లో తేలేది కాదు. అందుకే ఈ వ్యాసం.

ఆ సర్వే మన దేశంలో ఇంగ్లీషు తెలిసి, ఇంటర్నెట్‌లో వార్తలు చదివేవారినే ప్రశ్నించింది. ఆ సంగతిని నివేదికే దాపరికం లేకుండా చెబుతుంది కనుక తప్పు పట్టవలసిన పని లేదు. అయితే ఒడిశాలోని మా పర్లాకిమిడి బస్టాండు దగ్గర టీ దుకాణంలో ఒక తెలుగు పత్రికనూ, ఒక ఒడియా పత్రికనూ పక్కపక్కన పరుచుకుని చదివే మనిషి ఆ లెక్కలోకి రాడు. గుణుపురం, రాయగడ, బరంపురాల్లో ఉన్న మన తెలుగువాళ్లలో ఎక్కువమంది రారు. వాళ్లను కూర్చోబెట్టి "వార్తలను నమ్ముతున్నారా" అని అడిగితే ఏం చెబుతారో నేను ఊహించగలను. అచ్చయినదాన్ని ఎంతవరకు నమ్మాలో తమకు తెలుసునంటారు. అచ్చు కానిదాని మాటేమిటని ఎదురు అడుగుతారు. మా ప్రాంతంలో పత్రికల మీద గురి తగ్గడానికి వాటి పక్షపాతం కంటే, మా మధ్య జరిగే విషయాల్లో అవి పాటించే మౌనమే పెద్ద కారణమనీ, ఆ మౌనం విలేకరి స్వభావంలోంచి గాక అతడి బతుకుతెరువు ఏర్పాటులోంచి పుడుతోందనీ నా అభిప్రాయం.

రెండు పత్రికలు చదివేవారి నేర్పు

1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం అటు ఉండిపోయింది. అప్పటినుంచి మా ఇళ్లలో చాలావాటికి బడి చదువు ఒక భాషలో, పెళ్లి శుభలేఖ మరొక భాషలో. ఈ పరిస్థితి మాకు ఇబ్బందులతోపాటు ఒక నేర్పును కూడా ఇచ్చింది. దానికి కొఠియా వివాదం కంటే మంచి ఉదాహరణ దొరకదు. కోరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకుకూ, ఆంధ్రవైపు సాలూరు మండలానికీ మధ్యనున్న 21 గ్రామాలు ఎవరివన్న తగాదా 1968లో సుప్రీంకోర్టుకు ఎక్కింది. 2006లో కోర్టు ఆ కేసును ముగించి, యథాతథ స్థితిని కొనసాగించమంది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపించినప్పుడు ఒడిశా ప్రభుత్వం కోర్టు ధిక్కారం కింద పిటిషన్ వేసింది. ఆ రోజుల్లో ఒడియా పత్రికల్లో అదంతా ఆక్రమణ, తెలుగు పత్రికల్లో అదంతా గిరిజనుల హక్కు. ఒక్క పత్రికే చదివేవారికి రెండో కథ ఉందన్న సంగతే తెలిసి ఉండదు.

మాకు తెలుసు. మా వీధిలో తాలూకా ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఆ వార్తలను చదివే పద్ధతి నాకు ఇప్పటికీ గుర్తుంది. ఊరి పేరు, తేదీ, వచ్చిన అధికారి హోదా రెండు పత్రికల్లోనూ కలిస్తే అది జరిగినట్టు లెక్క అనేవారు. జనం సంతోషించారనో, మండిపడ్డారనో ఉన్న వాక్యాలను పక్కన పెట్టేవారు. ఏ పత్రిక ఏ ప్రభుత్వం వైపు, ఏ పార్టీ వైపు మొగ్గుతుందో తెలుసుకోవడానికి ఆయన ఏ సర్వే చదవలేదు. పక్షపాతం ఒక దిక్కుకే ఉన్నంతకాలం, అది ఎటువైపో తెలిసినంతకాలం, చదువరి దాన్ని మినహాయించుకుని చదవగలడు. పత్రికల విశ్వసనీయత గురించి హైదరాబాదులోనూ, ఢిల్లీలోనూ జరిగే చర్చలన్నీ ఈ పక్షపాతం దగ్గరే ఆగిపోవడం చూస్తే నాకు బాధ కలుగుతుంది. దానికి చదువరి ఎప్పుడో తన ఉపాయం తాను చూసుకున్నాడు.

మినహాయించుకోవడానికి వీల్లేనిది వేరొకటి ఉంది. కొఠియా గురించి రెండు భాషల్లో అంత రాశారు కదా, అందులో ఏ మంత్రి వచ్చాడు, ఎవరి వాహనాన్ని ఎవరు ఆపారు, ఏ బోర్డును ఎవరు పీకేశారు అన్న విషయాలే ఎక్కువ. ఆ ఊళ్ల బడిలో పంతులు వారానికి ఎన్నిరోజులు కనిపిస్తాడు, పురిటి నొప్పులు వచ్చిన మనిషిని ఏ ఆసుపత్రికి ఎలా మోసుకువెళతారు అన్నవి ఎక్కడో ఒక మూల తప్ప కనబడలేదు. తెలుగు పక్షపాతాన్నీ, ఒడియా పక్షపాతాన్నీ కలిపి సగానికి భాగిస్తే నిజం వస్తుందని మనం అనుకుంటాం. రెండూ ఒకే చోట మౌనంగా ఉంటే భాగించడానికి ఏమీ మిగలదు.

తిత్లీ తుఫాను నాడు ఇది ఇంకా స్పష్టంగా కనబడింది. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కూలిపోయిన కొబ్బరి, జీడి తోటల గురించి తెలుగు పత్రికలు పేజీలకు పేజీలు రాశాయి, రాయవలసినదే. కాని మా గజపతి జిల్లాలోని రాయగడ బ్లాకులో, బరఘర గ్రామం దగ్గర కొండచరియ విరిగిపడి, వానకు తలదాచుకున్నవాళ్లు పదిమందికి పైగా చనిపోయిన సంగతి వెంటనే బయటికి రాలేదు. దారులు తెగిపోయాయి, ఫోన్లు పనిచేయలేదు. ఆ రెండు కారణాలూ నిజమే. అయితే తుఫాను లేని రోజుల్లో కూడా ఆ కొండల్లో పత్రిక తరఫున తిరిగే మనిషి లేడు. మామూలు రోజుల్లో లేని మనిషి తుఫాను రోజున ఎక్కడినుంచి వస్తాడు?

ఆగస్టు మొదటి వారం

ఇప్పుడు నేను దగ్గరగా చూసిన సంగతి చెబుతాను. పత్రిక పేరుగానీ, మనిషి పేరుగానీ రాయను. పేరు రాస్తే తప్పంతా ఒక మనిషిదో, ఒక పత్రికదో అయిపోతుంది. ఇది వాళ్లకే పరిమితమైన విషయం కాదు.

మాకు తెలిసిన విలేకరి ఒకతను ఉన్నాడు. నలభై దాటిన మనిషి, డిగ్రీ చదివాడు, తెలుగు చక్కగా రాస్తాడు. ఆగస్టు మొదటి వారం వచ్చిందంటే అతడి సంచిలో నోట్‌బుక్కు పక్కన ఒక రసీదు పుస్తకం చేరుతుంది. స్వాతంత్ర్య దినోత్సవం ప్రత్యేక పేజీలకు ఇంత మొత్తం ప్రకటనలు తేవాలని ఆఫీసు నుంచి టార్గెట్ వస్తుంది. టీ బల్ల మీద అతడు పెట్టిన జాబితాను నేను చూశాను. రోడ్డు కాంట్రాక్టర్లు ఇద్దరు, ఒక ప్రైవేటు స్కూలు, ఒక నర్సింగ్ హోము, ఒక రైస్ మిల్లు, ఇద్దరు సర్పంచులు. కొన్ని పేర్ల పక్కన టిక్కు, కొన్నింటి పక్కన "సాయంత్రం" అని పెన్సిలుతో రాసి ఉంది. ఒక పేరు పక్కన "కిందటేడు బాకీ" అని ఉంది. ఎందుకంటే ఒప్పుకున్నవారు డబ్బు ఇవ్వకపోతే ఆ మొత్తం అతడి లెక్కలోనే నిలిచిపోతుంది. ఆఫీసు ఇచ్చేది అచ్చయిన వార్తల కొలతను బట్టి వచ్చే లైన్ అకౌంటు, ప్రకటనల మీద కొంత కమీషను. లైన్ అకౌంటు స్కూటరు పెట్రోలుకు చాలదని అతడి ఇంట్లోవాళ్లే చెప్పారు.

ఆ వర్షాకాలంలోనే మా ఊరి బయట, రెండు పల్లెలకు పోయే దారిలో, కొత్తగా కట్టిన కల్వర్టు ఒక పక్కకు కుంగిపోయింది. ఒక ఆటో బోల్తా పడి ఇద్దరికి దెబ్బలు తగిలాయి. మన విలేకరి అందరికంటే ముందు అక్కడికి వెళ్లాడు. దెబ్బలు తగిలినవారిని తన బండి మీద ఆసుపత్రికి చేర్చింది అతడే. పగిలిన కాంక్రీటులోంచి కమ్మీలు బయటికి వచ్చిన చోటును దగ్గరగా ఫొటో కూడా తీశాడు. మర్నాడు పత్రికలో ఆ వార్త లేదు, తర్వాత కూడా రాలేదు. ఆగస్టు 15 నాటి ప్రత్యేక పేజీలో మాత్రం ఆ కల్వర్టు కట్టిన కాంట్రాక్టరు చేతులు జోడించి ప్రజలకు శుభాకాంక్షలు చెబుతున్న రంగుల బొమ్మ వచ్చింది.

కొన్నాళ్ల తర్వాత నేను అడిగాను, ఎందుకు రాయలేదని. అతడు తప్పించుకోలేదు. "మాస్టారూ, ఆ ఫొటో నా ఫోనులోనే ఉంది, చూపిస్తాను. పంపితే డెస్కువాళ్లు వేస్తారు కూడా. కాని దసరా ప్రత్యేక పేజీలకు నేను మళ్లీ ఎవరింటికి వెళ్లాలి, మీరే చెప్పండి" అన్నాడు. ఎవరూ అతడికి వార్త ఆపమని ఫోను చేయలేదు. డబ్బు కవరు ఇవ్వలేదు. బెదిరించలేదు. అవేవీ అవసరం లేకుండానే వార్త ఆగిపోయింది. సెన్సారు అంటే పైనుంచి వచ్చే ఆజ్ఞ అని మనం అనుకుంటాం. ఇక్కడ ఆజ్ఞ ఇచ్చేవాడే లేడు. ఎవరి మీద వార్త రాయాలో వారి దగ్గరికే చేయి చాచుకుని వెళ్లవలసిన పనిని ఒకే మనిషికి అప్పగించారు, అంతే.

ఈ విలేకరిని మా ఊరి జనం నమ్మరా అంటే, నమ్ముతారు. అర్ధరాత్రి రక్తం కావాలన్నా, బరంపురం పెద్దాసుపత్రిలో మంచం దొరకకపోయినా, రేషన్ కార్డులో పేరు తప్పు పడినా ముందు అతడికే ఫోను చేస్తారు, అతడు తన పనులన్నీ వదులుకుని పరుగెత్తుతాడు. అలా అతడి మీద ఉన్న నమ్మకం అతడు రాసే పేజీ మీదికి మాత్రం చేరదు. కల్వర్టు కుంగినప్పుడు ఆ పల్లెలవాళ్లు వార్త రాయమని అతడిని అడగనే లేదు. అడిగి అతడిని ఇరుకున పెట్టడం దేనికని అనుకున్నామని వాళ్లలో ఒకరు తర్వాత నాతో అన్నారు. సర్వేలు కొలిచే అపనమ్మకంలో ఈ రకం ఎక్కడ పడుతుంది? ఇందులో కోపం లేదు, ద్వేషం లేదు. పత్రిక చేయగల పని ఇంతేనని తెలిసి, ఆశ వదులుకోవడం ఉంది. నాకు ఇదే ఎక్కువ ప్రమాదంగా కనబడుతుంది.

పైన జరిగేది, కింద జరిగేది

ఇలాంటిదే పెద్ద ఎత్తున జరిగినప్పుడు దేశమంతా చర్చ జరిగింది. 2009 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్రల్లో అభ్యర్థుల ప్రచారం డబ్బుకు వార్తల రూపంలో అచ్చయిందన్న ఆరోపణలు వచ్చాయి. పశ్చిమ గోదావరి జిల్లాలో దాన్ని సర్వే చేసి బయటపెట్టినది జర్నలిస్టుల సంఘమేనన్న సంగతి చాలామంది మరిచిపోయారు. ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పాత్రికేయులైన పరంజయ్ గుహా ఠాకుర్తా, కె. శ్రీనివాస్ రెడ్డిలతో ఉపసంఘం వేసింది. 2010లో వాళ్లు పత్రికల పేర్లతో సహా ఇచ్చిన నివేదికను కౌన్సిల్ పూర్తిగా వెలువరించకుండా కుదించింది. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాకే, 2011లో, పూర్తి పాఠం జనం ముందుకు వచ్చింది. పత్రికల తప్పులను విచారించవలసిన సంస్థే ఆ పని చేసిందంటే ఇక చదువరి ఏం అనుకోవాలి? 1978 చట్టం ప్రకారం ఆ కౌన్సిల్ మందలించగలదు, అభిశంసించగలదు, అంతకు మించి ఏమీ చేయలేదు. టీవీ దాని పరిధిలోనే లేదు.

జీతాల సంగతి కూడా ఇంతే. పత్రికా ఉద్యోగుల జీతాల మీద మజీఠియా వేజ్ బోర్డు చేసిన సిఫార్సులను కేంద్రం 2011లో నోటిఫై చేసింది, 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది. మా విలేకరిలాంటి కంట్రిబ్యూటరుకు వాటిలో దక్కినది ఏమీ లేదు. అతడు పత్రిక ఉద్యోగి కాడు. అతడి గుర్తింపు కార్డు మీద పత్రిక పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, జీతాల పట్టీలో అతడి పేరు ఉండదు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరం నుంచే రసీదు పుస్తకం పుట్టింది.

నా వాదనకు బలమైన ఎదురుమాట ఒకటి ఉంది. జీతం లేకపోయినా రాసినవాళ్లు లేరా అని అడగవచ్చు. ఉన్నారు. ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతిని డాక్టర్లతోపాటు ఊళ్లలో తిరిగే విలేకరులు ఏళ్ల తరబడి వదలకుండా రాశారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధనా కేంద్రం మొదలయ్యాయంటే అందులో ఆ చిన్న చిన్న వార్తల పాత్ర లేదని నేను ఒప్పుకోను. ఛత్తీస్‌గఢ్‌లో ముకేశ్ చంద్రాకర్ ఉండేవాడు. బీజాపూర్ కుర్రాడు, సొంతంగా యూట్యూబు చానలు నడుపుతూ పెద్ద చానళ్లకు వార్తలు పంపేవాడు. 2021లో మావోయిస్టుల చేతిలో బందీగా ఉన్న సీఆర్‌పీఎఫ్ జవానును విడిపించి తీసుకువచ్చిన బృందంతో అడవిలోకి వెళ్లిన విలేకరుల్లో అతడు ఉన్నాడు. బస్తరులో ఒక రోడ్డు పని నాసిగా జరిగిందని బయటపెట్టిన కొద్దిరోజులకే, 2025 జనవరి 3న, అతడి శవం ఒక కాంట్రాక్టరు స్థలంలోని సెప్టిక్ ట్యాంకులో దొరికింది.

అతడి పేరు తలచుకుని మా విలేకరిని పిరికివాడని అనడానికి నాకు నోరు రాదు. అక్కడా రోడ్డు పనే, ఇక్కడా రోడ్డు పనే. ఊళ్లో ఒంటరిగా ఉండి, వెనుక జీతం, వకీలు, సంస్థ ఏవీ లేకుండా రాయమని ఒక మనిషిని అడిగే హక్కు మనకు ఎవరిచ్చారు? అరుదైన ధైర్యం మీద ఆధారపడే ఏర్పాటును ఏర్పాటు అనలేం. మామూలు మనిషి, పిల్లల ఫీజులు కట్టుకోవలసిన మనిషి, కల్వర్టు కుంగిందని భయం లేకుండా రాయగలిగిన రోజున పత్రికను నమ్మవచ్చు.

యూట్యూబు వచ్చాక ఈ బాధ తీరిందని చెప్పేవారున్నారు. నాకూ కొంతకాలం అలాంటి ఆశే ఉండేది. ఆ కల్వర్టు వీడియో మొదట వాట్సాప్‌లోనే వచ్చిందన్నది నిజం. కాని అది మూడు గ్రూపుల్లో తిరిగేసరికి మా కల్వర్టు ఒకచోట శ్రీకాకుళం జిల్లాది అయింది, మరొకచోట కిందటి తుఫానుదయింది. ఇద్దరికి దెబ్బలు తగిలితే ఐదుగురు చనిపోయారని చేరింది. ఇక చానలు లోగో ఉన్న మైకు పట్టుకుని తిరిగేవాళ్లలో నిజాయితీగా పనిచేసే కుర్రాళ్లు నాకు తెలుసు, వార్త వేయకుండా ఉండటానికి డబ్బు అడిగేవాళ్లూ తెలుసు. ఆ మొదటి రకానికి కూడా ఆదాయం వచ్చేది అవే శుభాకాంక్షల ప్రకటనల నుంచి, అదే కాంట్రాక్టరు దగ్గరినుంచి. పత్రికలో కనీసం డెస్కు అనేది ఒకటి ఉంటుంది, ఊరి పేరు తప్పితే సరిదిద్దే మనిషి ఉంటాడు.

ఈ ప్రాంతంలో పత్రికలు మొదట ఇలా లేవు. శశిభూషణ్ రథ్ 1913లో బరంపురం నుంచి 'ఆశ' అనే ఒడియా వారపత్రికను మొదలుపెట్టారు, 1928లో దాన్ని దినపత్రిక చేశారు. గిడుగు రామమూర్తి పంతులుగారు మా పర్లాకిమిడిలో ఉన్న రోజుల్లోనే, 1919లో, 'తెలుగు' అనే పత్రికను నడిపారు. అవి నిష్పక్షపాత పత్రికలు కావు. ఇద్దరికీ బలమైన పక్షం ఉంది, దాన్ని దాచలేదు. వాళ్లు ఇక్కడివారు, చదివేవారు వెళ్లి తలుపు తట్టగలిగినంత దూరంలో ఉన్నారు. ఇప్పుడు మాకు వచ్చే తెలుగు పత్రిక జిల్లా పేజీ శ్రీకాకుళానిది, ఒడియా పత్రిక పేజీలో మా తెలుగు వీధుల మాట అరుదు. తప్పు అచ్చయితే ఎవరికి చెప్పాలో తెలియదు. ఖండన పంపితే, మొదటి వార్త వచ్చిన పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వచ్చిన సందర్భం నేను చూడలేదు.

ఏది ముందు

నేను కోరేది చాలా పెద్దదేమీ కాదు. వార్త రాసే మనిషి ప్రకటనలు అడగకూడదు. ఆ పనికి వేరే మనిషిని పెట్టుకోవాలి. పత్రికలు చాలాకాలంగా చెబుతున్న ఇబ్బంది నాకు తెలుసు. మనం ఇచ్చే కాపీ ధర కాగితం, అచ్చు ఖర్చులకే చాలదు, ప్రకటనలు లేకపోతే పత్రిక నిలవదు, పల్లెటూళ్లకు ఇద్దరు మనుషులను పోషించే శక్తి లేదు. ఇందులో చదువరి బాధ్యత కూడా ఉంది. కేబులుకూ, ఫోను రీచార్జికీ నెలనెలా వందలు కడుతూ, పత్రిక ధర ఒక రూపాయి పెరిగితే మానేసే ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. ఆ రూపాయి నేరుగా విలేకరి జీతంలోకి వెళుతుందని హామీ ఉంటే కడతారా అని కొందరిని అడిగాను. కడతామన్నారు, ఆ హామీ ఎవరిస్తారని కూడా అడిగారు. దానికి నా దగ్గర జవాబు లేదు. అది యాజమాన్యాలు చెప్పవలసిన జవాబు.

ఈ మాటలన్నీ పత్రిక ఆఫీసుకు ఉత్తరంగా రాసి, పంపేముందు మా విలేకరికి చూపించాను. రసీదు పుస్తకం అతడి చేతిలోంచి తీసేయాలన్న వాక్యం దగ్గర అతడు ఆగాడు. "మాస్టారూ, ఈ వాక్యం కిందికి జరపండి. ముందు జీతం అని రాయండి, తర్వాత ఇది రాయండి. వాళ్లు మొదటిది చదివి ఆగిపోతే, ఆ కమీషను కూడా పోయి నేను రోడ్డున పడతాను" అన్నాడు. అతడు చెప్పిన వరసలోనే మార్చి పంపించాను.